నీళ్ళ నొప్పి

మా ఉదయగిరి వైపు కాళ్ళ నొప్పులకు వేరే పేర్లు వెతకరు. మోకాలు పట్టేసినా, నడుము వంగకపోయినా, మెడ తిరగకపోయినా అన్నిటికీ ఒకటే పేరు, నీళ్ళ నొప్పి. మా బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉందని, అది ఎముకల్లోకి దిగుతుందని నేను బడిలో చదివేటప్పుడే చెప్పారు. చెప్పి, మధ్యాహ్నం బెల్లు కొట్టగానే మమ్మల్ని ఆ బోరు దగ్గరికే పంపించారు. ఎవరినీ తప్పు పట్టే పని లేకుండా చెప్పుకునే జబ్బు అది. ఇద్దరు మనుషులు దుత్తలూరు బస్టాండులో కలిస్తే వానల సంగతి, పిల్లల సంగతి అయ్యాక “నొప్పులెట్లుండాయి?” అని కూడా అడుగుతారు. “ఉండాయిలే,” అంటారు అవతలివాళ్ళు. అక్కడికి ఆ మాట అయిపోతుంది.

ఆ మాటే మా కొంప ముంచుతుందని నాకు తెలియదు.

మా ఆయన పంతొమ్మిదేళ్ళకు మిలిటరీలో చేరి హవల్దారుగా రిటైరయ్యాడు. నడుమ ఉన్న కాలంలో ఎక్కువ భాగం ఉత్తరాన మంచు కొండల మీదే గడిచింది. గుండ్ల పెట్టెలు భుజాన వేసుకుని ఎక్కడం, దిగడం. అక్కడ ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే “ఎద్దు పని” అనేవాడు నవ్వుతూ. పెళ్ళైన కొత్తలో సెలవు మీద వస్తే తెల్లవారకముందే దుర్గం కొండ ఎక్కి దిగి వచ్చి, నేల మీద బాసిపట్లు వేసుకుని కూర్చుని సంగటి తినేవాడు. రానురాను కూర్చునేటప్పుడు గోడ పట్టుకోవడం మొదలైంది. ఒక ఏడు మంచు మీద జారి పడి, చాలా రోజులు అక్కడి ఆసుపత్రిలో ఉండి వచ్చాడు. ఆ తర్వాత ఆయన నేల మీద కూర్చోవడం నేను చూడలేదు. రెండు మోకాళ్ళలోనూ గుజ్జు అరిగిపోయిందని, ఇంకా అరుగుతుందే తప్ప మళ్ళీ రాదని డాక్టర్లు చెప్పారు.

రిటైరయ్యేవాళ్ళకు మెడికల్ బోర్డు పెడతారు. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందని గానీ, సర్వీసు వల్ల ముదిరిందని గానీ బోర్డులో డాక్టర్లు ఒప్పుకుంటే, మామూలు పెన్షన్ కాక డిజేబిలిటీ పెన్షన్ కూడా వస్తుంది. మా ఆయనకు రాలేదు. ఈ జబ్బుకూ సర్వీసుకూ సంబంధం లేదని తేల్చేశారు. ఎందుకట్లా అని నేను అడిగితే, “పెద్ద డాక్టర్లు, వాళ్ళకు తెలీదా ఏంది?” అని ఊరుకున్నాడు. ఆత్మకూరులో ఒక బట్టల షాపులో సెక్యూరిటీ పనికి కుదిరాడు.

అది నిలబడే పని. షాపు తెరిచినప్పటి నుంచి మూసేదాకా అద్దాల తలుపు దగ్గర నిలబడాలి. వచ్చేవాళ్ళకు తలుపు తీయాలి, సెల్యూట్ కొట్టాలి. స్టూలు వేసుకోనివ్వరు. గిరాకీ వచ్చే వేళ కాపలావాడు కూర్చుని ఉంటే షాపుకు కళ ఉండదట. అక్కడే ఒక గదిలో ఇంకొందరితో కలిసి ఉంటూ వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. మా వీధి మలుపు తిరిగేటప్పుడు వినిపించే చెప్పుల చప్పుడును బట్టి ఆ వారం ఎట్లా గడిచిందో నాకు తెలిసిపోయేది. చెప్పు నేలకు రాసుకుంటూ వచ్చిందంటే, ఏమీ అడక్కుండా కాపడానికి పొయ్యి మీద నీళ్ళు పెట్టేదాన్ని. ప్యాంటు పైకి మడిచేసరికి మోకాళ్ళు బుంగల్లా వాచి ఉండేవి.

ఇంకొన్నాళ్ళు ఇట్లాగే నిలబడితే ఈ మనిషి మంచానికి అతుక్కుపోతాడని నాకు భయం పట్టుకుంది. పని మానమంటే మానడు. మా అమ్మాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి చదువుతోంది, ఆ చదువు అయ్యేదాకా మాననంటాడు. ఆ పెన్షన్ వస్తే మాత్రం మానతానన్నాడు. నాకు కావలసింది అదొక్కటే. ఆయన కూర్చోవాలి.

ఆత్మకూరులో ఒక సుబేదారన్న ఉన్నాడు. ఆయనా రిటైరైనవాడే. మిలిటరీ నుంచి వచ్చినవాళ్ళకు అప్పీళ్ళు వేసిపెట్టడం ఆయనకు కాలక్షేపం. ఒక వారం మా ఆయన ఇంటికి బయలుదేరేలోపలే నేను బస్సెక్కి ఆత్మకూరు పోయాను. ఇద్దరం కలిసి సుబేదారన్న ఇంటికి వెళ్ళాం. ఆయన మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, మొదలుపెట్టాడు.

“అప్పీలు వేస్తే మళ్ళీ బోర్డు పెడతారు. అది సరే. ముందు ఇది చెప్పు. ఆరోజు డాక్టరు ఏమడిగినాడు, నువ్వేం చెప్పినావు?”

మా ఆయన హుషారుగా చెప్పాడు. “ఈ నొప్పి ఎట్లొచ్చిందని అడిగినాడన్నా. ఇదేం కొత్తది కాదు సార్, మా ఊరి నీళ్ళ నొప్పి, మా వైపు అందరికీ ఉండేదే అని చెప్పినా.”

సుబేదారన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

“హిందీలోనే చెప్పినావా?”

“హిందీలోనే.”

“అర్థమయ్యేటట్టే చెప్పినావా?”

“బాగా చెప్పినానన్నా. ఆయన తల గూడా ఊపినాడు.”

“ఊపడా మరి! ఆయన పని నువ్వే చేసిపెడితివి గదా. ఊరి నీళ్ళ వల్ల వచ్చిందని నీ నోటితో నువ్వే చెప్తే, సర్వీసు వల్ల వచ్చిందని వాళ్ళెట్ల రాస్తారయ్యా?”

మా ఆయన ముఖంలో నవ్వు ఆరిపోయింది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళు అద్దాల తలుపు దగ్గర నిలబడింది ఈ ఒక్క మాట వల్లనా? పరాయి ఇంట్లో ఉన్నాం కాబట్టి పళ్ళు బిగబట్టుకుని ఊరుకున్నాను.

అప్పీలులో ఏం రాయాలో సుబేదారన్న చెప్పాడు. మంచు మీద పడినప్పుడు ఆసుపత్రిలో చేర్చుకున్న సంగతి సర్వీసు రికార్డులో ఉంది కాబట్టి, అది గట్టిగా పట్టుకోవచ్చన్నాడు. ఇక బయలుదేరదామని నేను వరండా మెట్టు మీది నుంచి లేచాను. లేచేటప్పుడు అలవాటు ప్రకారం కుడి చెయ్యి మోకాలి మీద ఆనించి, ఎడమ చేత్తో స్తంభం పట్టుకున్నాను. సుబేదారన్న నావైపు చూశాడు.

“అమ్మా, నీకూ ఉండాదా?”

“కొంచెం అన్నా.”

కొంచెం కాదు. అప్పటికే చాలా ఏళ్ళుగా ఉంది. పొయ్యి దగ్గర పీట తీసేసి స్టూలు వేసుకున్నాను. బస్సెక్కేటప్పుడు కమ్మీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కుంటాను. క్యాన్ నీళ్ళు కొనుక్కోవడం ఈమధ్యే మొదలుపెట్టాం గానీ, ఎముకల్లోకి దిగింది దిగిపోయింది. ఆయన నొప్పి ముందు నాది చెప్పుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

సుబేదారన్న చాలా మెల్లగా, నాకు నొప్పి కలగకుండా చెప్పాలని చూస్తున్నట్టు చెప్పాడు.

“బోర్డుకు తోడు నువ్వే పోతావు గదమ్మా. ఇంట్లో ఇంకెవరికన్నా ఉండాదా అని అడుగుతారు. అదే నీళ్ళు తాగే పెళ్ళానికీ ఉండాదంటే, ఇంకేముంది, నీళ్ళే అంటారు. అక్కడ నువ్వు కుంటొద్దు తల్లీ.”

ఉదయగిరి బస్సెక్కి కూర్చున్న దగ్గర నుంచి నేను మా ఆయన్ను దులిపేశాను. ముందు సీటులో కోడిని సంచిలో పెట్టుకుని కూర్చున్న అవ్వ వెనక్కి తిరిగి చూసింది. అయినా ఆపలేదు.

“ఏందయ్యా నువ్వు? అంత మంచులో పడి కాళ్ళు విరగ్గొట్టుకుని, మా ఊరి నీళ్ళంటావా? నీ నోరు ఊరుకోదా?”

“అన్నం పెట్టినోళ్ళ మీద నేరం చెప్పమంటావా?”

“నేరం ఎవురు చెప్పమన్నారు? ఉన్నది చెప్పమంటే చెప్పలేవా?”

ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. దుత్తలూరు దగ్గర బస్సు ఆగాక అన్నాడు. “ఆ కొండల మీద మోకాలు లాగినప్పుడల్లా నీళ్ళ నొప్పి అనుకునేవాణ్ణే. ఈ వైపు పిల్లోడు ఒకడు ఉండినాడు మా యూనిట్లో. వాడూ అదే అనేవాడు. అట్లనుకుంటే ఊర్లోనే ఉన్నట్టు ఉండేది.”

నా కోపం సగం దిగిపోయింది. మిగతా సగం మాత్రం ఉంచుకున్నాను, అవసరం పడుతుందని.

నిజంగా ఆయన మోకాళ్ళు దేనివల్ల పోయాయని నన్నడిగితే, నాకు అనుమానం లేదు. వాళ్ళన్న ఈ ఊళ్ళోనే పుట్టి, ఈ నీళ్ళే తాగుతూ, ఆయన కంటే పెద్దవాడై ఉండి ఇప్పటికీ నేల మీద గొంతుక్కూర్చుని శెనక్కాయలు వలుస్తాడు. కానీ ఒక్కోరోజు పొయ్యి ముందు నిలబడి, నా మోకాలు చురుక్కుమన్నప్పుడు, నీళ్ళు కూడా ఎంతో కొంత చేసి ఉంటాయేమో అనిపించేది. వెంటనే ఆ ఆలోచనను అక్కడే తొక్కేసేదాన్ని. ఆలోచిస్తే ముఖంలో కనిపిస్తుందని భయం.

బోర్డుకు పిలుపు వచ్చింది. చెన్నైలో మిలిటరీ ఆసుపత్రికి రమ్మన్నారు. ఇక మా ఇంట్లో తర్ఫీదు మొదలైంది. వారానికొకసారి వచ్చిన మనిషిని కాళ్ళు కడుక్కోగానే కుర్చీలో కూర్చోబెట్టి, నేను ఎదురుగా నిలబడి డాక్టరునయ్యేదాన్ని.

“నొప్పి ఎప్పటి నుంచి?”

“సర్వీసులో మంచు మీద పడినప్పటి నుంచి సార్.”

“అంతకు ముందు ఉండిందా?”

“లేదు సార్. పంతొమ్మిదేండ్లకు పరుగు పందెంలో పాసై చేరినాను సార్.”

“మరి ఊర్లో అందరికీ ఉండాదంట గదా?”

“అంటే సార్, మా ఊరి నీళ్ళ...”

“నీళ్ళ మాట ఎత్తావంటే సంగటి పెట్టను పో!”

ఆయన పగలబడి నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని గానీ నాకు నమ్మకం కుదిరేది కాదు. ఆ మాట ఆయన నాలుక మీద కూర్చుని ఉంది. తాగడానికి నీళ్ళు అడగాలన్నా “చెంబు ఇయ్యే” అని అడగడం అలవాటు చేశాను. ఇంట్లో ఆ మాటే వినపడకుండా చేస్తే అక్కడ నోటికి రాదని నా పిచ్చి ఆశ.

ఆయన్ను పంపించాక నా తర్ఫీదు నాది. తలుపు గడియ వేసుకుని, గోడ పట్టుకోకుండా మంచం మీది నుంచి లేవడం. పళ్ళ బిగువు కనపడకుండా లేవడం. గుమ్మం దాకా తిన్నగా నడిచి వెనక్కి రావడం. పక్కింటామె ఒకసారి కిటికీలోంచి చూసి, “ఏంది అక్కా, ఒక్కదానివే కవాతు చేస్తా ఉండావు?” అంది. మిలిటరీ వాడి పెళ్ళాన్ని కదా అన్నాను.

అసలు ప్రశ్న మాత్రం మేమిద్దరం ఎప్పుడూ తర్ఫీదు చేయలేదు. ఇంట్లో ఇంకెవరికన్నా ఉందా అని నేను అడగలేదు, ఏం చెప్పాలని ఆయనా అడగలేదు. లేదని చెప్పాలని మాత్రం ఇద్దరికీ తెలుసు.

చెన్నైకి ముందురోజే పోయి ఎవరో తెలిసినవాళ్ళింట్లో పడుకున్నాం. పొద్దున ఆసుపత్రిలో ఒక పొడుగాటి వరండా, గోడ పొడుగునా బెంచీలు. పేరు పిలవగానే ఆయన వీపు నిటారుగా పెట్టి లోపలికి వెళ్ళాడు. అంత నొప్పిలోనూ ఆఫీసర్ల ముందు ఆయనకు ఆ నడక ఎక్కడి నుంచి వస్తుందో! తలుపుకు బదులు ఆకుపచ్చ పరదా ఉంది. కొన్నాళ్ళు ఆయనతో పాటు ఫ్యామిలీ క్వార్టర్స్‌లో ఉన్నాను కాబట్టి నాకూ హిందీ అర్థమవుతుంది. బెంచీ చివరికి జరిగి కూర్చుంటే లోపలి మాటలు ఒక్కొక్కటే వినిపిస్తున్నాయి.

ఎప్పటి నుంచి అని అడిగారు. బాగానే చెప్పాడు. పడిన సంగతి అడిగారు. అదీ చెప్పాడు. “కిందటి బోర్డులో నీళ్ళ వల్ల అన్నావు కదా?” అని ఒక పెద్ద గొంతు అడిగింది. “మా వైపు ఏ కాలునొప్పినైనా అట్లాగే అంటాం సార్. అది పేరు మాత్రమే. నా నొప్పి మంచులో పడినప్పుడు వచ్చింది,” అన్నాడు ఆయన. నేను నేర్పింది కాదది. సొంతంగా చెప్పాడు. లేచి చప్పట్లు కొట్టాలనిపించింది.

అప్పుడు ఆ గొంతే మామూలుగా అడిగింది. “ఇంట్లో ఎవరికైనా ఉందా? భార్యకు?”

ఆయన జీవితంలో ఆఫీసరుకు అబద్ధం చెప్పి ఎరగడు. చెప్పెయ్, చెప్పెయ్ అని నా పెదవులు కదులుతున్నాయి.

“లేదు సార్. ఎవరికీ లేదు.”

నేను కోరుకున్న మాటే అది. దేవుడికి మొక్కుకున్న మాటే. అది వినగానే నాకు ఏడుపు ఎందుకొచ్చిందో తెలియదు. ఇన్నేళ్ళు నాకు నేనే లేదు లేదు అనుకుంటే ఏమీ అనిపించలేదు. ఆయన నోట వింటే మాత్రం, నన్నెవరో పక్కకు తోసేసినట్టు అనిపించింది.

కళ్ళు తుడుచుకునేలోపల పరదా జరిగింది. నర్సు బయటికి వచ్చి, ఆయన వంగి బూట్లు వేసుకోలేకపోతున్నాడు, మీరు లోపలికి రండి అంది.

లోపల ముగ్గురు డాక్టర్లు బల్ల వెనక కూర్చుని ఉన్నారు. ఇద్దరు ఏదో చూసుకుంటున్నారు, పెద్దాయన మాత్రం మావైపే చూస్తున్నాడు. మా ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు, బూట్లు ఆయన ముందర నేల మీద ఉన్నాయి. గొంతుక్కూర్చోవడం నేను ఎన్నేళ్ళ కిందట మానేశానో! కూర్చున్నాను. రెండు మోకాళ్ళలో నిప్పు పెట్టినట్టయింది. ఒక బూటు తొడిగి లేసు కట్టాను. రెండోది తొడిగి కట్టాను. పైకి చూస్తే మా ఆయన కళ్ళు నా మీద ఉన్నాయి, ఆ పైన డాక్టరు కళ్ళు ఉన్నాయి. ఇక లేవాలి. ఎక్కడా చెయ్యి ఆనించకూడదు. మా ఆయన చటుక్కున నా ముందుకు చెయ్యి చాపబోయి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. నేను లేచాను. లేచి నవ్వాను కూడా. “పదండి,” అని తిన్నగా నడుచుకుంటూ బయటికి వచ్చి, వరండా మలుపు తిరిగి, డాక్టర్లకు కనపడని చోట గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

బస్సు నెల్లూరు దాటి సంగం బ్యారేజీ దగ్గరికి వచ్చింది. పెన్నలో నీళ్ళు నిండుగా ఉన్నాయి.

“నీకు లేదని చెప్పినా,” అన్నాడు.

“విన్నా. మంచి పని చేసినావు.”

“నువ్వు కూర్చున్నప్పుడు నాకు చానా కష్టమైంది.”

“నోరు మూసుకుని కూర్చో. ఎవరన్నా వింటారు,” అన్నాను. ఆ బస్సులో ఎవరు వింటారు! అప్పటికే నాకు ఆ భయం అలవాటైపోయింది.

తర్వాత కొన్ని నెలలకు కబురు వచ్చింది. సర్వీసు వల్ల జబ్బు ముదిరిందని బోర్డు ఒప్పుకుంది. సుబేదారన్న ఫోన్ చేసి చెప్తుంటే మా ఆయన ఫోన్ నా చెవి దగ్గర పెట్టి, నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. “ముందు కూర్చో,” అన్నాను. ఆ వారమే ఆయన బట్టల షాపు పని మానేశాడు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కాళ్ళు స్టూలు మీద చాపుకుని, దారిన పోయేవాళ్ళను పలకరిస్తూ కూర్చుంటాడు. వాపు తగ్గింది. ఆ కూర్చున్న మనిషిని చూస్తే నాకు కడుపు నిండుతుంది.

భయం మాత్రం పోలేదు. నెల్లూరులో మాజీ సైనికుల ఆసుపత్రి ఉంది, పెళ్ళాలకూ అక్కడ చూస్తారు. పద పోదాం అని ఆయన ఎన్నిసార్లో అన్నాడు. నేను పోలేదు. ఆయన కార్డు మీదనే నా నొప్పి కూడా రాస్తారు. అది చెన్నైకి పోతే? హవల్దారు భార్యకూ ఉంది కదా, మరి లేదన్నాడేం అని ఎవరైనా తిరగదోడితే? “అట్లెవరూ చెయ్యరమ్మా,” అని సుబేదారన్న నవ్వాడు. ఆయనకేం, నవ్వుతాడు. మా వీధిలో ముక్కూమొహం తెలియని కారు ఆగితే చాలు, నేను కుంటడం ఆపేస్తాను.

మొన్న ఆశా కార్యకర్తగా పనిచేసే అమ్మాయి ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికి వచ్చింది. మా వీధి పిల్లే.

“నీళ్ళ వల్ల కాళ్ళ నొప్పులొచ్చినోళ్ళు ఎవరెవరు ఉండారో రాసుకోమన్నారు అత్తా. మీ ఇంట్లో ఉండారా?”

“మా ఇంట్లో ఎవరికీ లేదమ్మా,” అన్నాను. ఆలోచించే పని లేకుండా వచ్చింది ఆ మాట.

ఆ అమ్మాయి పక్కింటికి తిరిగింది. మా ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

“ఇట్ల రా తల్లీ. మా ఆమెకుండాది. రెండు కాళ్ళూ. రాసుకో.”

“ఊరుకోయ్యా!” అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “ఏం చేస్తా ఉండావో తెలుస్తా ఉండాదా నీకు?”

“తెలుస్తా ఉండాది. ఎవురన్నా వచ్చి అడిగితే నేను చెప్పుకుంటా. మళ్ళీ ఆ తలుపు దగ్గర నిలబడమంటే నిలబడతా. ఒకసారి లేదని చెప్పినా గదా, చాలు.”

అమ్మాయి మా ఇద్దరి ముఖాలూ చూసింది. “మరి నీకు మామా?” అంది.

“నాది మిలిటరీలో వచ్చింది. నీళ్ళ నొప్పి ఈమెది. ఈమె పేరు రాసుకో.”

అమ్మాయి నా పక్కన అరుగు మీద కూర్చుంది. “ఎప్పటి నుంచి అత్తా?” అని అడిగింది.

ఆ మాట నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మా ఆయన కూర్చోకుండా అట్లాగే నిలబడి, నేను చెప్పేదాకా చూస్తున్నాడు. పొయ్యి దగ్గర పీట తీసేసి స్టూలు వేసుకున్న రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టాను.